బోయ్‌లోనే డేటా చెకింగ్ పెట్టాలంట, తేడా రీడింగ్ తీసేయాలంట. మీరైతే ఏం చేస్తారు?

గండికోట_గాలి
కడపలో ఇంటి దగ్గర నుంచే ఒక చిన్న కంపెనీకి పని చేస్తున్నా. తీరానికి దగ్గరగా సముద్రంలో తేలే బోయ్‌లకు ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాం) రాయడం నా పని. ఒక్కోదాంట్లో నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, కరిగిన ఆక్సిజన్, గాలి పీడనం కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఇప్పుడు మా మేనేజర్ కొత్త పాట ఎత్తుకున్నాడు. కస్టమర్‌కు చెత్త రీడింగ్ ఒక్కటి కూడా కనపడకూడదు, చెకింగ్ అంతా బోయ్‌లోనే అయిపోవాల అంటాడు. పద్ధతి కూడా ఆయనే చెప్పినాడు. ఉష్ణోగ్రత 24 నుంచి 32 మధ్య లేకపోయినా, ముందు రీడింగ్ కన్నా ఒక డిగ్రీ మించి తేడా వచ్చినా, దాన్ని తీసేసి ముందుదే మళ్ళీ పెట్టాలి. వద్దని చెప్పినా వినలేదు, సరేనని పెట్టినాం.

మొన్న గాలివాన వచ్చినప్పుడు అడుగున ఉన్న చల్లనీళ్ళు పైకి కలిసినాయి. 29.1 దగ్గర ఉన్నది ఒక్కసారిగా డిగ్రీన్నర పడింది. చెక్ ఒప్పుకోలేదు, 29.1 నే పెట్టింది. తర్వాతి రీడింగ్‌ను ఆ పాత 29.1 తోనే పోల్చింది, మళ్ళీ తేడా, మళ్ళీ 29.1. ఇంక అంతే, అక్కడే ఇరుక్కుపోయింది. కాసేపటికి ఫ్లాట్ లైన్ చెక్ లేచి, ఒకే నంబర్ వస్తోంది కాబట్టి సెన్సర్ చచ్చిపోయిందని మెసేజ్ పంపింది. పడవ బాడుగకు మాట్లాడుకుని మనిషి పోయి చూస్తే సెన్సర్ బంగారంగా ఉంది. ఒక చెక్ పుట్టించిన అబద్ధాన్ని ఇంకో చెక్ పట్టుకునింది.

ఇట్లాంటి పని చేసినవాళ్ళు ఉంటే చెప్పండి. ఏ చెక్ బోయ్‌లో ఉండాలి, ఏది ఒడ్డున ఉండాలి?

రాగిసంగటి
కడపలో కూర్చుని సముద్రానికి జ్వరం చూస్తున్నావా అక్కా. మాకు కొళాయిలో నీళ్ళు వస్తే అదే సముద్రం.

కొండారెడ్డి_బురుజు
హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది, దేశం మొత్తానికీ సునామీ హెచ్చరిక అక్కడి నుంచే 2007 నుంచి ఇస్తున్నారు. దానికీ ఎదురుగా సముద్రం లేదు. కూర్చునే చోటుతో పనేముంది.

విషయానికి వస్తా. గాలి గారూ, మీ మేనేజర్ రెండు వేర్వేరు పనులను ఒకటి చేసినాడు. రీడింగ్ మీద అనుమానం వ్యక్తం చేయడం ఒక పని, రీడింగ్‌ను మార్చడం ఇంకో పని. మొదటిది మిషన్ చేయొచ్చు, రెండోది చేయకూడదు. అమెరికావాళ్ళ సముద్ర పరిశీలన వ్యవస్థ ఐఊస్ వాళ్ళు క్వార్టాడ్ అని మాన్యువల్స్ రాసి పెట్టినారు, ఉచితమే. దాంట్లో ప్రతి రీడింగ్ పక్కన ఫ్లాగ్ అని ఒక నంబర్ ఉంటుంది. 1 అంటే పాస్, 2 అంటే ఇంకా చూడలేదు, 3 అనుమానం, 4 ఫెయిల్, 9 అంటే రీడింగే రాలేదు. అసలు రీడింగ్ మాత్రం ఎక్కడికీ పోదు. కస్టమర్‌కు చెత్త కనపడకూడదంటే డాష్‌బోర్డులో 4 ఉన్నవి దాచిపెట్టండి, అది ఒక్క లైన్ పని. బోయ్‌లోనే చెరిపేస్తే రేపు ఎవరు అడిగినా చూపించడానికి ఏమీ మిగలదు.

చెక్‌ల వరుస కూడా ఆ మాన్యువల్స్‌లోనే ఉంది. టైముకు వచ్చిందా, మెసేజ్ రూపం సరిగ్గా ఉందా, బోయ్ ఉండాల్సిన చోటే ఉందా, సెన్సర్ కొలవగలిగే రేంజ్‌లో ఉందా, ఆ కాలానికి ఆ చోట మామూలుగా ఉండే రేంజ్‌లో ఉందా, తర్వాత స్పైక్ (ఒక్క రీడింగే ఎగిరిపడడం), మారే వేగం, ఫ్లాట్ లైన్. పైథాన్‌లో కావాలంటే ఐఊస్ క్యూసీ అని లైబ్రరీ కూడా ఉంది.

బోరుబావి_బాబు
మాది అనంతపురం పక్క పల్లె, పని భూగర్భజలాల మట్టం కొలిచే సెన్సర్లు. ముందు విలువ మళ్ళీ పెట్టడం కన్నా దరిద్రమైన అలవాటు ఇంకోటి లేదు. మా దగ్గర కూడా ఒక కాంట్రాక్టర్ అదే చేసినాడు. మోటర్ ఆడేటప్పుడు బోర్లో నీళ్ళు సర్రున కిందికి పోతాయి, ఆపితే మళ్ళీ పైకి వస్తాయి. ఆ ఎక్కి దిగడమే మాకు కావాల్సిన సమాచారం. ఆయన ప్రోగ్రాం దాన్ని తప్పు రీడింగ్ అనుకుని నున్నగా చదును చేసి పంపింది. రైతు మోటర్ వేయనేలేదని రిపోర్టు తయారైంది.

ఇంకోటి. ఏ సెన్సర్ ఎట్ల అబద్ధం చెప్తుందో ముందు తెలుసుకోవాల. డీఎస్18బీ20 అని చవక ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది కదా, కరెంటు అందిన వెంటనే దాని లోపల ఉండే విలువ 85 డిగ్రీలు. కొలిచి చెప్పడానికి పూర్తి రిజల్యూషన్‌లో 750 మిల్లీసెకన్లు కావాల, అంత ఆగకుండా చదివితే ఆ 85 నే ఇస్తుంది. వైరు ఊడితే ఆర్డునో లైబ్రరీ −127 ఇస్తుంది. 85 అనేది ఆ సెన్సర్ రేంజ్ లోపలే ఉంది, అది 125 దాకా కొలుస్తుంది. డేటాషీట్ రేంజ్ ఒక్కటే చెక్ పెట్టినవాడికి బోర్లో నీళ్ళు మరుగుతున్నట్టు కనపడుతుంది.

ఉగ్గాణి_బజ్జి
మే నెలలో మా ఊర్లో ఆ 85 నిజమే అయ్యుంటుంది బాబూ, సెన్సర్‌ను తిట్టకు.

పెన్న_ఒడ్డు
నేను వేరే మాట చెప్తా. బోయ్‌లో ఏ చెక్కూ వద్దు. బ్యాటరీ దండగ, కోడ్ మార్చాలంటే పడవ ఎక్కాల. ఉన్నది ఉన్నట్టు పంపించు, ఒడ్డున సర్వర్లో ఏం కావాలంటే అది చేసుకో. ఆర్గో ఫ్లోట్లనే తీసుకోండి. సుమారు నాలుగు వేలు ప్రపంచమంతా తేలుతున్నాయి, పది రోజులకు ఒకసారి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ కొలుస్తాయి. వాటికి చెకింగ్ అంతా ఒడ్డున డేటా సెంటర్లలోనే. 24 గంటల్లో మిషన్ చెక్ అవుతుంది, తర్వాత ఏడాది అటు ఇటుగా మనిషి కూర్చుని చూస్తాడు. అంత పెద్ద ప్రోగ్రామే అట్ల నడుస్తుంటే మనమెంత.

గండికోట_గాలి
పెన్న గారూ, ఉన్నది ఉన్నట్టు పంపే స్తోమత ఉంటే నేను ఇక్కడ అడిగేదాన్నే కాదు. సెన్సర్ సెకనుకు ఒకసారి చదువుతుంది. మేం వాడేది ఇరిడియం శాటిలైట్ మెసేజ్, ఒక్క మెసేజ్‌కు 340 బైట్లే. బైట్లకు డబ్బులు. అందుకే పది నిమిషాల సగటు తీసి పంపుతున్నాం. సగటు తీసేటప్పుడు మధ్యలో ఒక −127 పడిందనుకోండి, ఆ తర్వాత ఒడ్డున ఏ పండితుడు కూర్చున్నా దాన్ని బయటికి తీయలేడు.

పెన్న_ఒడ్డు
సగటు బోయ్‌లోనే తీస్తున్నారని మొదట్లో చెప్పలేదు కదా. అట్లయితే సగటుకు ముందు చెక్ కావాల్సిందే, ఒప్పుకుంటా. మిగతావి మాత్రం ఒడ్డునే.

కొండారెడ్డి_బురుజు
సగటుతో పాటు ఇంకో రెండు పంపండి: ఎన్ని రీడింగుల మీద ఆ సగటు తీసినారు, వాటి చెదురు ఎంత, అంటే ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయి. 600 రావాల్సిన చోట 40 మాత్రమే నిలబడితే ఆ సగటు ఎంత అందంగా ఉన్నా ఒడ్డున వాడికి అర్థమైపోతుంది. బైట్ల గురించి భయం వద్దు. ఫ్లాగ్ ఐదు రకాలే, మూడు బిట్లు చాలు. నాలుగు సెన్సర్లకు 12 బిట్లు, అంటే రెండు బైట్లలో ఇమిడిపోతుంది. అసలు సెకను రీడింగులు కార్డులో రాసుకుంటూ పోండి, సర్వీస్‌కు పోయినప్పుడు తెచ్చుకోవచ్చు.

కోడి_కూత_డెవ్
ఇదంతా ఎందుకు, ఒక ఏఐ మోడల్ పెట్టేయండి, అదే నేర్చుకుంటుంది.

బోరుబావి_బాబు
దేన్ని చూసి నేర్చుకుంటుంది నాయనా? 29.1, 29.1, 29.1 చూసా?

లెక్కల_మాస్టారు
స్పైక్ గురించి ఎవరూ లెక్క రాయలేదు కాబట్టి నేను రాస్తా. ముందు రీడింగ్‌తో మాత్రమే పోల్చడం స్పైక్ చెక్ కాదు. ఆర్గో వాళ్ళది మూడు రీడింగుల పద్ధతి. మధ్య రీడింగ్ నుంచి అటు ఇటు రెండిటి సగటు తీసేయాలి, ప్లస్ మైనస్ గుర్తు వదిలేయాలి. దాంట్లోంచి ఆ పక్క రెండిటి తేడాలో సగం తీసేయాలి, అక్కడా గుర్తు వదిలేయాలి. మిగిలింది లిమిట్ దాటితే స్పైక్.

28.4, 35.2, 28.6 వచ్చినాయి అనుకోండి. పక్కవాటి సగటు 28.5, మధ్యది 6.7 దూరంలో ఉంది. పక్క రెండిటి తేడాలో సగం 0.1. మిగిలింది 6.6. ఆర్గోలో 500 డెసిబార్ల లోతు (సుమారు 500 మీటర్లు) కన్నా పైనీళ్ళలో ఉష్ణోగ్రత లిమిట్ 6 డిగ్రీలు, కాబట్టి స్పైకే. ఇప్పుడు గాలి అమ్మాయి చెప్పిన గాలివాన లాంటిది చూడండి: 29.0, 27.5, 26.0. సగటు 27.5, మధ్యదీ 27.5, తేడా సున్న. దాంట్లోంచి 1.5 తీస్తే −1.5. ఏ లిమిట్ పెట్టినా దాటదు. నీళ్ళు నిజంగా చల్లబడుతూ పోతే ఈ లెక్క దాని జోలికి పోదు, ఎగిరిపడి మళ్ళీ వెనక్కి వచ్చినదాన్నే పట్టుకుంటుంది.

రెండు జాగ్రత్తలు. ఆర్గో లిమిట్లు లోతు వెంబడి తీసిన రీడింగులకు, మీవి కాలం వెంబడి వచ్చేవి. ఆ 6 ను అట్లే ఎత్తుకోవద్దు, మీ డేటా చూసి మీది మీరు పెట్టుకోండి. మూడో రీడింగ్ వచ్చేదాకా మధ్యదాని మీద తీర్పు చెప్పలేరు, కాబట్టి ఒక అడుగు ఆలస్యం ఉంటుంది. సెకనుకు ఒకటి చదివే మీకు అదేం లెక్కలోకి రాదు.

గండికోట_గాలి
మాస్టారూ, దీన్ని స్క్రీన్‌షాట్ తీసి నేరుగా మా మేనేజర్‌కు పంపినా. మైనస్ ఎట్ల వస్తుంది అని అడిగినాడు.

ఉగ్గాణి_బజ్జి
జీతం కూడా ఆ లెక్కతోనే వేస్తున్నారేమో చూసుకో.

తుంగభద్ర_తీరం
24–32 లిమిట్ యాడ నుంచి వచ్చిందో గానీ, ఉప్పదనానికి ఏం పెట్టినారో చెప్పండి ముందు. బంగాళాఖాతం వేరే సముద్రాల మాదిరి కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ దాంట్లోకే. వానాకాలం అయినాక ఉత్తర భాగంలో పైనీళ్ళ ఉప్పదనం 30 కన్నా కిందికి కూడా పోతుంది. పుస్తకంలో మహాసముద్రం సగటు 35 అని చదివి 33 నుంచి 37 పెట్టినవాడికి వరద వచ్చిన ప్రతిసారీ సెన్సర్ చెడిపోయినట్టే కనపడుతుంది.

గండికోట_గాలి
33 నుంచి 37 ఏ పెట్టినారు. మీరు మా ఆఫీసులో పని చేస్తున్నారా ఏంది?

తుంగభద్ర_తీరం
హహ లేదు, కర్నూలే. తుంగభద్ర మా ఊరు దాటి కృష్ణలో కలిసి, శ్రీశైలం, సాగర్, ప్రకాశం బ్యారేజీ దిగి హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. గేట్లు ఎత్తినారని టీవీలో చూసినప్పుడల్లా ఇంకొన్ని రోజులకు ఆ నది మొగ దగ్గర ఉప్పు తగ్గుతుందని మీరు ఎదురుచూడాల. నెలను బట్టి, చోటును బట్టి లిమిట్ మారాల. ఆ పట్టిక ఒడ్డున ఉంచండి, బోయ్‌లో వద్దు. మారుస్తూ ఉంటారు కదా.

పెన్న_ఒడ్డు
నేనూ అదే కదా మొదటి నుంచీ అనేది. లిమిట్ తప్పు పెడితే నిజాన్నే చెత్త బుట్టలో వేస్తాం. ఓజోన్ రంధ్రం కథ తెలుసు కదా, నాసా శాటిలైట్ కంప్యూటర్ ఆ తక్కువ రీడింగులను తప్పనుకుని పారేసింది, చివరికి బ్రిటిష్ వాళ్ళు నేల మీది పరికరంతో కనిపెట్టినారు.

కొండారెడ్డి_బురుజు
కథ సగమే నిజం. నింబస్ 7 లోని టామ్స్ పరికరం డేటాలో 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ కొలత) కన్నా తక్కువ వచ్చినవాటికి అనుమానం ఫ్లాగ్ పడింది, కానీ రీడింగులు అట్లే ఉన్నాయి. 1985లో బ్రిటిష్ వాళ్ళ పేపర్ వచ్చినాక నాసా వాళ్ళు తమ డేటాతోనే రంధ్రం ఎంత పెద్దదో మ్యాప్ వేసి చూపించగలిగినారు. నిజంగా పారేసి ఉంటే ఏం చూపించేవాళ్ళు? నువ్వు చెప్పిన ఉదాహరణే నా వైపు మాట్లాడుతోంది.

పెన్న_ఒడ్డు
ఫ్లాగ్ పడినవాటిని ఎవరూ టైముకు తెరిచి చూడకపోతే ఉండీ ఏం లాభం అని కూడా అడగొచ్చు. ఫ్లాగ్ వేయడంతో పని అయిపోదు, వారానికి ఒకసారైనా ఆ 3 లూ 4 లూ ఒక మనిషి చూడాల.

కొండారెడ్డి_బురుజు
అది మాత్రం కరెక్ట్.

లెక్కల_మాస్టారు
పీడనం లిమిట్ కూడా చూసుకోండి. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ కేంద్రంలో 912 హెక్టోపాస్కల్స్ దాకా పడింది. మామూలు రోజుల్లో 1000, 1010 చూసి కింద లిమిట్ 950 పెట్టినవాడు, ఎప్పుడైతే ఆ రీడింగ్ ప్రాణాలకు పనికొస్తుందో అప్పుడే దాన్ని ఫెయిల్ చేస్తాడు. అలల సంగతీ అంతే. 1995 జనవరి 1న నార్త్ సీలో డ్రాప్నర్ ప్లాట్‌ఫామ్ మీద లేజర్ 25.6 మీటర్ల అల కొలిచింది. అప్పుడు అక్కడి పెద్ద అలల సగటు ఎత్తు 12 మీటర్ల లెక్కలో ఉంది. ప్లాట్‌ఫామ్‌కు జరిగిన చిన్న నష్టం కూడా తోడైంది కాబట్టి నమ్మినారు. ఒంటరి బోయ్‌లో అయితే మన స్పైక్ చెక్ దానికి 4 కొట్టి పంపేది.

చీనీతోట
అయితే సునామీ సెన్సర్ ఎట్ల పని చేస్తుంది మరి? అది కూడా సముద్రంలోనే కదా తేల్చుకోవాల, ఇది తప్పు రీడింగా, నిజంగా వస్తోందా అని.

కొండారెడ్డి_బురుజు
మంచి ప్రశ్న. సముద్రం అడుగున పీడనం కొలిచే పెట్టె ఉంటుంది. ఆటుపోట్లను బట్టి ఇప్పుడు నీళ్ళు ఎంత ఎత్తు ఉండాలో అదే లెక్క వేసుకుంటుంది, వచ్చిన రీడింగ్‌ను దాంతో పోలుస్తుంది. అమెరికా డార్ట్ బోయ్‌లలో ఉత్తర పసిఫిక్‌కు లిమిట్ 30 మిల్లీమీటర్లు. 15 సెకన్ల రీడింగులు రెండు దాన్ని దాటితేనే ఈవెంట్ మోడ్‌లోకి పోతుంది. అప్పటిదాకా 15 నిమిషాలకు ఒక రీడింగ్ ఇస్తున్నది, ఇక 15 సెకన్ల రీడింగులు పంపడం మొదలుపెడుతుంది. గమనించండి, అనుమానం వచ్చినప్పుడు అది నోరు మూసుకోవట్లేదు, ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది. గాలి గారి బోయ్ కూడా అట్లే చేయొచ్చు, తేడా కనపడితే పది నిమిషాలు ఆగకుండా రెండు నిమిషాల సగటు పంపమనండి.

గండికోట_గాలి
ఇది నాకు తట్టలేదు. మెసేజ్ ఖర్చు తుఫాను రోజుల్లో మాత్రమే పెరుగుతుంది, దానికి మేనేజర్ ఒప్పుకుంటాడు.

సోలార్_సుబ్బయ్య
ఆలస్యంగా వచ్చినా. ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్‌లో పని నాది, ఎండ కొలిచే పైరానోమీటర్లు చూస్తుంటా. మీరంతా ఎగిరిపడే రీడింగుల గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే అవి తేలిక శత్రువులు. మెల్లగా జారేదే అసలు దొంగ. మా గాజు మీద దుమ్ము రోజుకింత పేరుకుంటుంది, రీడింగ్ రోజుకింత తగ్గుతుంది. స్పైక్ లేదు, రేంజ్ దాటదు, ఏ చెక్కూ అరవదు. ఒకరోజు గుడ్డ పెట్టి తుడిస్తే సర్రున పైకి లేస్తుంది, అప్పుడు మాత్రం అన్ని చెక్‌లూ అరుస్తాయి, శుభ్రం చేసినందుకు! మీకు దుమ్ముకు బదులు పాచి, గుల్లలు.

తుంగభద్ర_తీరం
నిజం. మన వేడి నీళ్ళలో పాచి చానా తొందరగా పడుతుంది. ఉప్పదనం కొలిచే గొట్టం లోపల పాచి పడితే ఉప్పు తక్కువ చూపిస్తుంది, వరద నీళ్ళు వచ్చినాయేమో అనుకుంటాం. ఆక్సిజన్ సెన్సర్ మీద పడితే ఆ పాచే రాత్రిపూట ఆక్సిజన్ పీల్చుకుంటుంది, సెన్సర్ నీళ్ళ సంగతి కాకుండా పాచి సంగతి చెప్తుంది. రాగి తొడుగు, తుడిచే బ్రష్ పెడితే కొంత నయం.

లెక్కల_మాస్టారు
పెద్దవాళ్ళనూ ముంచింది ఇదే. 2006లో ఒక పేపర్ వచ్చింది, 2003 నుంచి 2005 మధ్య సముద్రం పైభాగం చల్లబడిందని. మరుసటి ఏడాది ఆ రచయితలే దిద్దుబాటు వేసినారు. కొన్ని ఆర్గో ఫ్లోట్లు రీడింగ్‌కు తప్పు లోతు అంటగట్టినాయి, ఓడల మీది నుంచి వదిలే పాత పరికరాలు కొంచెం ఎక్కువ వేడి చూపించేవి, రెండూ కలిసి లేని చల్లదనం పుట్టించినాయి. ఒక్కొక్క రీడింగ్ చూస్తే అన్నీ పాసే.

చీనీతోట
పక్కన ఇంకో సెన్సర్ పెట్టి పోల్చుకోవచ్చు కదా?

సోలార్_సుబ్బయ్య
రెంటికీ ఒకే పాచి పడితే రెండూ కలిసే అబద్ధం చెప్తాయి. శుభ్రంగా కడిగిన మూడోదాన్ని పడవలో తీసుకుపోయి పక్కన ముంచి చూడాల. శాటిలైట్‌తో పోల్చాలంటే మైక్రోవేవ్ రకం తీరానికి దగ్గరగా పనికిరాదు, ఇన్‌ఫ్రారెడ్‌కు మబ్బు అడ్డం. వానాకాలంలో రెండూ లేనట్టే. సర్వీస్‌కు పోయినప్పుడు కడగక ముందు ఒక రీడింగ్, కడిగినాక ఒక రీడింగ్ రాసుకుంటే ఎంత జారిందో లెక్క దొరుకుతుంది. ఇది ఏ ఫర్మ్‌వేరూ చేయలేదు.

ఇంకోటి మర్చిపోయినా, ఫ్లాట్ లైన్. రాత్రంతా మా సెన్సర్ సున్నానే చూపిస్తుంది, అది సరైన రీడింగే. ఫ్లాట్ లైన్ చెక్ పెట్టినవాడు రాత్రి ఉంటుందని మర్చిపోయినాడు.

బోరుబావి_బాబు
దానికి తోడు రిజల్యూషన్ చూసుకోండి. ఆ డీఎస్18బీ20 మెట్టు 0.0625 డిగ్రీ. 0.05 కన్నా తక్కువ తేడా ఐదుసార్లు వస్తే ఫెయిల్ అని రాస్తే, నీళ్ళు నిలకడగా ఉన్న ప్రతిసారీ ఫెయిలే, ఎందుకంటే ఆ సెన్సర్ 0.05 తేడా చూపించలేదు. అయితే అదే నంబర్ ఇస్తుంది, లేకుంటే 0.0625 ఎగురుతుంది. గడియారం కూడా చెక్ చేయండి. మామూలు క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షలకు 20) తప్పితే రోజుకు 1.7 సెకన్లు, ఏడాదికి పది నిమిషాలు దాటుతుంది. జీపీఎస్ ఎట్లాగూ ఉంటుంది కదా, రోజుకొకసారి టైం సరిచేసుకోమనండి. ఎంత సరిచేసిందో అది కూడా రాసుకోమనండి.

గండికోట_గాలి
అందరి మాటా కలిపి ఈరోజు ఇట్ల రాసి పంపినా. బోయ్‌లో నాలుగే చెక్‌లు: సెన్సర్ రేంజ్, సెన్సర్ సొంత ఎర్రర్ నంబర్లు, మూడు రీడింగుల స్పైక్, ఫ్లాట్ లైన్. రేంజ్ దాటినవీ ఎర్రర్ నంబర్లూ మాత్రమే సగటులోకి పోవు. స్పైక్ పడినవి సగటులో ఉంటాయి, ఫ్లాగ్ మాత్రం 3. ఏదీ చెరిపేది లేదు, ముందు విలువ పెట్టేది లేదు. నెలవారీ లిమిట్లు, పక్క బోయ్‌తో పోలిక, డ్రిఫ్ట్ (మెల్లగా జారడం) అన్నీ ఒడ్డున. డాష్‌బోర్డులో 4 లు దాగుంటాయి, అడిగితే కనపడతాయి. మేనేజర్ "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

పెన్న_ఒడ్డు
స్పైక్‌లు సగటులో ఉండనిస్తే మళ్ళీ మొదటికే వస్తాం కదా?

లెక్కల_మాస్టారు
సగటు బదులు మీడియన్ (అన్నీ వరుసలో పెడితే నడిమిది) పంపమను. 600 లో పదో ఇరవయ్యో ఎగిరిపడినా మీడియన్ కదలదు. సగటు, మీడియన్ రెండూ పంపితే ఇంకా మంచిది, రెంటికీ దూరం పెరిగితే అదే ఒక చెక్.

గండికోట_గాలి
రెండూ పెడతా, ఒక్కో సెన్సర్‌కు రెండు బైట్లు ఎక్కువ అంతే. చివరిగా ఒకటి, సెకను రీడింగులకు ఎంత కార్డు కావాల?

బోరుబావి_బాబు
రీడింగ్‌కు 32 బైట్లు వేసుకో. రోజుకు 2.8 ఎంబీ లోపే, ఏడాదికి ఒక జీబీ. 16 జీబీ కార్డు ధారాళం. సంతలో దొరికే చవక కార్డు మాత్రం వద్దు, ఇండస్ట్రియల్ రకం కొను. రాసేటప్పుడు కరెంటు పోతే ఫైల్ చెడకుండా రోజుకొక ఫైల్ పెట్టుకో. బ్యాటరీ వోల్టేజ్ కూడా ప్రతి లైన్లో రాయి, సగం వింత రీడింగులకు కారణం అక్కడే దొరుకుతుంది.